నాలుగో మిషను మీది జాజు చెయ్యి

బండకాలం, 17వ రోజు

తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు మీది తడి అంకె పొద్దున ఏడింటికే ముప్ఫై రెండు చూపించింది. బండలు కాగే ఈ కాలంలో అది ముప్ఫై మూడు దాటితే సైరను కూత వేస్తారు. ఆ తర్వాత బయట ఉన్న మనిషికి చెమట పడుతుందే గాని ఆరదు. ఆరని చెమట ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఎనిమిదింబావుకి కూత పడింది. మా నాపరాళ్లపాడు జనం ఆరొందల పైచిలుకు. చాపలూ సద్దిగిన్నెలూ చంటిపిల్లలూ సర్దుకుని చలువశాలలోకి వచ్చేశారు. కోళ్లు తేకూడదని గుమ్మం మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. రాసింది నేనే. ఇవాళ నాలుగు కోళ్లు వచ్చాయి. అందులో ఒకటి నా కుర్చీ కిందే సర్దుకుంది.

నా పేరు శౌరయ్య. డెబ్భై ఆరు నిండాయి. శాల గుమ్మం పక్కన, కరెంటు పెట్టె కింద నా కుర్చీ. ఆ పెట్టె మూత తీసే హక్కు ఊళ్లో ఇద్దరికే ఉంది, మెడలో ఇత్తడి బిళ్ళ ఉన్నవాళ్లకి: నాకూ, సైదాబీకీ. సైదాబీ ఏటి అవతల పనిబడిలో నాలుగేళ్లు చదివి వచ్చింది. నేను చదివింది మిషన్ల మూతల లోపల అంటించిన బొమ్మలూ, మొదటి నలభై పేజీలు చెదలు తిన్న ఒక పుస్తకమూ. చదువు తక్కువైన వాడికి మాటలు ఎక్కువుంటాయి. రోజూ నేను రాసుకునే ఈ పుస్తకమే సాక్ష్యం.

శాల పైకప్పు మీద పన్నెండు చలువ మిషన్లు, ఒక్కొక్కటీ ఎద్దుబండంత. పాత నాపరాయి గనుల గుంటల్లో పరిచిన ఎండపలకల నుంచి వాటికి కరెంటు వస్తుంది. ప్రతి మిషను పొట్ట మీదా జాజుతో వేసిన అరచెయ్యి గుర్తు ఉంటుంది. ఆ చెయ్యి నాది. ఆ కథ ఇప్పుడే చెప్పేస్తే మంచిది.

పదకొండేళ్ల కిందట ఈ శాల కట్టారు. సరిగ్గా అదే ఎండాకాలంలో గుండ్లమడుగు చలువశాల వైర్లు అంటుకుని తగలబడింది. ఎంతమంది పోయారో ఇక్కడ రాయను. మాది సిద్ధమయ్యేసరికి ఒక్కరూ లోపలికి రారు. కూత పడింది, తడి అంకె ముప్ఫై ఐదు, బళ్ల కిందా అరుగుల కిందా దూరి కూర్చున్నారే గాని గుమ్మం తొక్కరు. మీటరు చూపించాను. ముల్లు వంక గుంటనక్కని చూసినట్టు చూశారు. ఇంక లాభం లేదని పైకెక్కి, వాకిట్లోకి కనపడే మిషను మీద అరచెయ్యి ఆనించి, ఒక వక్క నమిలేంతసేపు అలాగే నిలబడ్డాను.

"చచ్చానేంటర్రా?" అని అరిచాను.

"లేదు!"

"అయితే ఏడవడం ఆపి లోపలికి రండి!"

వచ్చారు. ఒక ముసలమ్మ తన గడపకి కలుపుకున్న జాజు గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చి, నా అరచేతికి పూసి మిషను మీద అచ్చు వేయించింది. అప్పట్నుంచీ ఇదే ఆచారం. ఏ మిషనుకి కరెంటిచ్చినా శౌరయ్య చెయ్యి ఆనించాలి, జాజు అచ్చు పడాలి, అప్పుడే దాని కింద మనుషులు కూర్చుంటారు. పక్క ఊళ్లవాళ్లు కూడా నన్ను బండి కట్టి తీసుకెళ్లేవాళ్లు.

ఆ రోజు నా కాళ్ల కింద వేపచెక్క పలక ఉంది. కాళ్లకి టైరు చెప్పులున్నాయి. అలా నిలబడితే ఎంత కరెంటున్న రేకు ముట్టుకున్నా పెద్దగా తెలియదు. ఆ సంగతి జనం గమనించలేదు. నేను గమనించాను.

18వ రోజు

సైదాబీ నాలుగో మిషనుకి ఫ్యాను మోటారు మార్చి దిగి వచ్చింది. నలభై నిమిషాలు మాత్రమే ఆపనిచ్చారు. బండకాలంలో మిషను ఆగితే గోడల నాపరాళ్లు వేడెక్కుతాయి, మళ్లీ చల్లబడటానికి రెండు రోజులు పడుతుంది. అందుకని ఆపడం అంటేనే అందరికీ గుండె దడ.

నా ముందుకొచ్చి గొంతుక్కూర్చుంది. ముఖమంతా మసి.

"శౌరి తాతా, నాలుగోదాని ఎర్తు వైరు ఎక్కడుంది?"

"ఉండాల్సిన చోటే."

"ఉండాల్సిన చోట చూసొచ్చా. లేదు."

"పైపు లోపల విడిగా వేశానులే. నీకు కనపడదు."

"కనపడకపోతే మానె, మీటరుకైనా కనపడాలిగా. మిషను రేకుకీ భూమిలో పాతిన కమ్మీకీ మధ్య దారే లేదంటోంది."

"నీ మీటరులో బ్యాటరీ చూసుకున్నావా?"

పక్క చాప మీద పడుకున్న కోళ్ల మంగమ్మ కిసుక్కున నవ్వింది. సైదాబీ నవ్వలేదు. "ఇవాళ పొద్దునే కొత్తది వేశా," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కేబులులో నాలుగే వైర్లున్నాయి తాతా. మూడు ఫేజులు, ఒకటి నల్ల టేపు చుట్టింది. ఆ టేపు విప్పితే కింద ఆకుపచ్చ ఉంటుందేమోనని నాకు అనుమానం. టైము లేక విప్పలేదు."

నా నోట్లో సజ్జరొట్టె ముక్క ఉంది. ఇంకో ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను.

ఎర్తు సంగతి తెలియనివాళ్లకి: మిషను లోపల ఎక్కడో ఒక వైరు తోలు ఊడి రేకుకి తగిలిందనుకోండి. రేకు నుంచి భూమిలోకి ఒక వైరు ఉంటే కరెంటు ఆ దారిన బుస్సున పోతుంది. అంత కరెంటు ఒక్కసారి పరిగెత్తేసరికి పెట్టెలో బ్రేకరు టప్పున పడిపోతుంది. మనిషి బతికిపోతాడు. ఆ వైరు లేకపోతే బ్రేకరుకి ఏమీ తెలియదు. కరెంటు రేకులోనే కూర్చుని, తడికాళ్లతో ఎవరొస్తారా అని కాచుకుని ఉంటుంది. ఆ దారి వైరుకి రంగు ఆకుపచ్చ. దాన్ని ఇంకే పనికీ వాడకూడదు. ఇది పనిలో చేరిన మొదటి రోజు పాఠం.

ఇక్కడ నిజం రాయాలి. పదకొండేళ్ల కిందట నాలుగో మిషనుకి ఐదు వైర్ల కేబులు కావాలి: మూడు ఫేజులు, ఒక న్యూట్రలు, ఒక ఎర్తు. కేబులు బండి దారిలో ఆగిపోయింది. నా దగ్గర నాలుగు వైర్లదే ఉంది. బయట తడి అంకె పెరుగుతోంది. ఆకుపచ్చ వైరుకి నల్ల టేపు చుట్టి న్యూట్రలుగా వాడేశాను. రేకుకి ఎర్తు రేపు విడిగా వేద్దాంలే అనుకున్నాను. మిషను తిరిగింది. చెయ్యి ఆనించాను. జాజు అచ్చు వేశాను. ఆ సాయంత్రం నన్ను భుజాల మీద ఊరేగించారు, గుగ్గిళ్లు పెట్టారు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

ఆ చదువుకున్న పిల్లకి ఈ నాలుగు ముక్కలూ చెప్పడానికి నాకు నోరు రాలేదు. "సరే, చూద్దాంలే," అన్నాను.

19వ రోజు

సైదాబీ నాకోసం ఆగలేదు. శాల పెద్ద రాయపరెడ్డి దగ్గరికి నేరుగా వెళ్లి, నాలుగో మిషను ఐదు గంటలు ఆపితే కొత్త కేబులు లాగుతానని అడిగింది. రాయపరెడ్డి చెడ్డవాడు కాడు. పుట్టి ఇరవై రోజులు కాని మనవరాలు అతనికి ఉంది. ఆ పిల్ల ఉయ్యాల నాలుగో మిషను గాలి కిందే కట్టారు.

"ఐదు గంటలా! పడమటి గోడ పెనమైపోద్దమ్మా. అసలు దాని మీద శౌరయ్య బాబాయ్ చెయ్యి ఉందిగా?"

"చెయ్యి ఉంది రెడ్డిగారూ. ఎర్తు లేదు."

అందరం పైకెక్కాం. పదిమంది దాకా వెనకాలే వచ్చారు. నాలుగో మిషను ముందు వేపచెక్క పలక ఉండనే ఉంది. దాన్ని ఎవరూ కదిలించరు, కొందరు ముసలివాళ్లు దానికి బొట్టు కూడా పెడతారు. దాని మీద నిలబడి చెయ్యి ఎత్తాను.

"తాతా," అంది సైదాబీ. "పలక దిగి, చెప్పులిప్పి పెట్టండి."

ఆ మాట మెల్లగానే అంది. అందులో వెటకారం లేదు, బతిమాలుతున్నట్టుంది. దిగే దాకా రాకుండా నేనే తప్పు ఒప్పుకుంటానని ఆశపడిందనుకుంటా.

"ఏయ్ అమ్మాయ్!" అన్నాడు రాయపరెడ్డి. "పెద్దాయన్ని చెప్పులిప్పమంటావా? పలకలో పాదాలు ఒత్తుకుపోయేంత కాలంగా నిలబడ్డ మనిషి!"

నేను పలక దిగలేదు. చెయ్యి ఆనించాను. ఆ పలక మీదున్నా, ఆ చెప్పులు వేసుకున్నా కూడా వేళ్ల చివర చీమ పాకినట్టయింది. మొహంలో ఏమీ కనపడనివ్వకుండా వక్క నమిలేంతసేపూ నిలబడి, "ఏం లేదర్రా, పదండి," అన్నాను.

మెట్లు దిగుతున్నప్పుడు సైదాబీ నా మోచెయ్యి పట్టుకుంది. నా మోకాళ్లు మంచివి కావు, ఎప్పుడూ అలాగే పట్టుకుంటుంది. ఇవాళ కూడా పట్టుకుంది. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

21వ రోజు

తెల్లవారి ఐదున్నరకి ఇన్నమ్మ మిషన్లు కడగడానికి పైకెక్కింది.

మిషన్ల వెనక రెక్కల మీద గనుల దుమ్ము పేరుకుంటుంది. రెండు రోజులు కడగకపోతే ఊపిరాడక ఆగిపోతాయి. ముప్ఫై మంది కడుగుడు పనివాళ్లు వంతులేసుకుని ఆ పని చేస్తారు. ఇన్నమ్మ వాళ్లలో పెద్దది, యాభై దాటింది. పాచి జారుతోందని చెప్పులు విడిచి, నీళ్ల గొట్టం పట్టుకుని నాలుగో మిషను దగ్గరికి వెళ్లింది. రేకు మీద చెయ్యి వేసి వంగింది. అంతే.

సైదాబీ తొమ్మిదో మిషను దగ్గర ఉంది. అరుపు లేదట. గొట్టం కింద పడి నీళ్లు పామల్లే మెలికలు తిరుగుతుంటే చూసిందట. పరిగెత్తి వెళ్లింది గాని ఇన్నమ్మని ముట్టుకోలేదు, ముందు మిషను పక్కనున్న మెయిన్ స్విచ్చి కిందికి లాగింది. అప్పుడు ఇన్నమ్మ విడిపోయి వెనక్కి పడింది. మణికట్టు విరిగింది. నిమిషం పైన ఊపిరి లేదు. సైదాబీ గుండె మీద అదిమి అదిమి తెప్పించింది. ముందు మనిషిని లాగి ఉంటే ఇద్దరూ పోయేవాళ్లు. అది కూడా మొదటి రోజు పాఠమే.

పదింటికి శాల కమిటీ కూర్చుంది. రాయపరెడ్డి లేచి చెప్పాడు: నాలుగో మిషను పదకొండేళ్లు ఎవరినీ ఏమీ చెయ్యలేదు, మూడు రోజుల కిందట సైదాబీ దాన్ని విప్పింది, ఇవాళ కరెంటు కొట్టింది. కాబట్టి విప్పినప్పుడు ఏదో చెడగొట్టింది. ఇన్నమ్మ కూడా చెప్పుల్లేకుండా ఎక్కడం తప్పే. రేపు సభ పెడతారు. సైదాబీ బిళ్ళ తీసేస్తారు. సభ తేలేదాకా ఆమె కరెంటు పెట్టె ముట్టుకోకూడదు, నాలుగోది ఆగే ఉంటుంది. సభలో నేను చెయ్యి ఆనించి కొత్త జాజు అచ్చు వేశాక మళ్లీ తిప్పుతారు.

బిళ్ళ పోతే ఈ ఏటి వెంట ఏ ఊరి శాలలోనూ సైదాబీకి పని దొరకదు. మనిషిని చంపబోయిన వైరుమనిషి అనే పేరు ఆమెకన్నా ముందు నడుస్తుంది.

సైదాబీ నా వంక ఒక్కసారి చూసింది. నేను కుర్చీ కిందున్న కోడిని చూశాను.

నా పుస్తకంలో మొదటి నలభై పేజీలు లేవని రాశాను గదా. ఎర్తు పాఠం ఆ నలభైలో పోయిందని చెప్పుకుందామా అని ఇవాళ మధ్యాహ్నమంతా ఆలోచించాను. చాలా బాగుంటుంది, జనం నమ్ముతారు, నవ్వుతారు కూడా. కాని ఎర్తు పాఠం నూట పన్నెండో పేజీ. చెదలు దాని జోలికే పోలేదు. దాని కింద పెన్సిలుతో గీత గీసుకున్నది కూడా నేనే.

22వ రోజు

పడమటి గోడ వేడెక్కింది. ఉయ్యాలను తూర్పుకి మార్చారు. సభకి అందరూ వచ్చారు, ఇన్నమ్మ తప్ప. పైనుంచి వేపచెక్క పలక కిందికి తెచ్చి మధ్యలో పెట్టారు, దాని మీద నిలబడి మాట్లాడమని. జాజు గిన్నె రాయపరెడ్డి స్వయంగా పట్టుకున్నాడు. నా అరచేతికి పూశాడు. చల్లగా ఉంది.

సైదాబీ ఎదురుగా నిలబడింది. బిళ్ళ మెడలోంచి తీసి పిడికిట్లో పెట్టుకుంది, వాళ్ల చేత లాగించుకోవడం ఇష్టం లేక.

నేను పలక మీంచి దిగాను. దిగేటప్పుడు తూలితే నలుగురు పట్టుకోబోయారు.

"సైదాబీ ఏమీ చెడగొట్టలేదు," అన్నాను. "నాలుగోదానికి ఎర్తు నేనే వెయ్యలేదు. ఆకుపచ్చ వైరుకి నల్ల టేపు చుట్టి వేరే పనికి వాడాను. పదకొండేళ్లయింది. మొన్న ఈ పిల్ల పట్టుకుంది, నేను అబద్ధమాడాను. మొన్న చెయ్యి ఆనించినప్పుడు నాకు జివ్వుమంది, ఏం లేదన్నాను. పలక మీద నిలబడి, టైరు చెప్పులేసుకుని ముట్టుకుంటే ఏ మిషనైనా మంచిదే అనిపిస్తుంది. ఈ చెయ్యి ఎప్పుడూ దేనికీ రుజువు కాదు."

తిడతారనుకున్నాను. నా ఒళ్లంతా దానికే సిద్ధపడింది.

వెనక నుంచి ఎవరో ముసలాయన చప్పట్లు కొట్టాడు. "పెద్దమనిషంటే అట్టా ఉండాల! ఈ వయసులో ఎవడొప్పుకుంటాడు!" అన్నాడు. ఇంకో ఇద్దరు కొట్టారు. తర్వాత శాలంతా కొట్టింది. ఒకావిడ వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టింది. రాయపరెడ్డి కళ్లు తుడుచుకుంటూ తన భుజం మీది కండువా తీసి నాకు కప్పాడు. జాజు చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గాల్లోనే పట్టుకుని నిలబడ్డాను. వాళ్లకి అది ఆశీర్వాదంలా కనపడింది కాబోలు, పిల్లల్ని తెచ్చి కింద నిలబెట్టారు.

ఒక మాట రాయాలి, సిగ్గయినా సరే. ఒక్క క్షణం నాకు బాగుంది.

"ఇంక సైదాబీ సంగతి," అన్నాడు రాయపరెడ్డి. "పెద్దాయనే అంత పెద్దమనసు చేసుకున్నాక మనం మాత్రం ఎందుకు పట్టుదలకి పోవాల? ఆ అమ్మాయిని కూడా క్షమించేద్దాం. బిళ్ళ తననే ఉంచుకోమందాం."

"దేనికి?" అంది సైదాబీ.

"ఏంటమ్మా?"

"దేనికి క్షమించారు నన్ను?"

కోళ్ల మంగమ్మ, "ఇచ్చినప్పుడు తీసుకోవే తల్లీ, గొడవెందుకు," అంది.

"శాల పుస్తకంలో రెండు ముక్కలు రాయండి. పందొమ్మిదో రోజునే సైదాబీ చెప్పింది, కమిటీ వినలేదు అని ఒకటి. ఇన్నమ్మ తప్పు ఏమీ లేదు అని ఒకటి. రాస్తే బిళ్ళ వేసుకుంటా, ఇప్పుడే పైకెక్కుతా."

"పెద్దాయన ఒప్పుకున్నాక మళ్లీ ఆ రాతలెందుకమ్మా? ఊరి పుస్తకం అది. మన పిల్లలు చదువుతారు."

"అందుకే రాయమంటున్నా."

రాయలేదు. సైదాబీ బిళ్ళని పలక మీద పెట్టి వెళ్లిపోయి గోడకి ఆనుకుని కూర్చుంది. పన్నెండు మిషన్లున్న శాలలో ఇప్పుడు వైరు ముట్టుకునేవాళ్లు లేరు, మోకాళ్లు పనిచెయ్యని నేను తప్ప. నా దగ్గరికి మాత్రం సాయంత్రం దాకా మనుషులు వస్తూనే ఉన్నారు, మంచినీళ్లిచ్చి, "ఎంత నిజాయితీ బాబాయ్," అనడానికి.

23వ రోజు

పొద్దున కూత పడకముందే ఇన్నమ్మ ఇంటికి వెళ్లాను. కండువా కప్పుకునే వెళ్లాను. ఎందుకు తీసి వెళ్లలేదో నాకే తెలియదు.

అరుగు మీద కూర్చుని ఎడం చేత్తో గోంగూర గిల్లుకుంటోంది. కుడి చేతికి కట్టు.

"రా శౌరన్నా. సభలో అంతా చెప్పావంటగా. మా కోడలు వచ్చి ఏడ్చింది, నువ్వు ఎంత గొప్పోడివో అని."

"చెప్పానమ్మా."

"అంతా?"

"ఆఁ."

"పోయినేడు బండకాలంలో నేను నీ దగ్గరికొచ్చిన సంగతి కూడానా?"

నేను అరుగు అంచు పట్టుకున్నాను.

పోయినేడు ఇన్నమ్మ నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడింది. "శౌరన్నా, నాలుగోది కడుగుతుంటే చేతులు జివ్వుమంటన్నయి," అంది. నా చుట్టూ నలుగురు కూర్చుని ఉన్నారు, నేనేదో కథ మంచి పట్టులో చెబుతున్నాను. నాలుగోది అనగానే నాకు నల్ల టేపు కళ్ల ముందు కనపడింది. ఎందుకు జివ్వుమంటోందో ఊళ్లో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. "తడిచేతులతో ముట్టుకుంటే జివ్వుమనక పాట పాడుద్దా? చెప్పులేసుకో," అన్నాను. అందరూ నవ్వారు. ఇన్నమ్మ కూడా నవ్వి వెళ్లిపోయింది. ఏడాదంతా అదే రేకుని ఆమె చేతులతోనే కడిగింది.

18వ రోజున "ఇక్కడ నిజం రాయాలి" అని రాసి, ఈ సంగతి రాయలేదు. సభలోనూ చెప్పలేదు. పదకొండేళ్ల కిందటి తప్పు అంటే అదొక కథ: కేబులు రాలేదు, ఎండ, జనం, వయసు. పోయినేటిది మాత్రం కథ కాదు.

"చెప్పలేదు," అన్నాను.

ఇన్నమ్మ గోంగూర గిల్లుతూనే ఉంది. "చెప్పుల్లేకుండా ఎక్కానని నా తప్పు కూడా రాశారంట, గదా? నాకు ఆ సంగతి ముందు తేలాల. నీ గొప్పతనం తర్వాత."

మధ్యాహ్నం శాల నిండా జనం ఉండగా లేచి నిలబడి ఇదంతా చెప్పాను. ఈసారి హాస్యం ఒక్క ముక్క కలపలేదు. కలపకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు, నాలుగైదు చోట్ల ఆగిపోయాను.

చప్పట్లు లేవు. నిన్న కాళ్లకి దణ్ణం పెట్టినావిడ మొహం తిప్పుకుంది.

కోళ్ల మంగమ్మ అడిగింది. "అంటే తెలిసే పంపావా దాన్ని పైకి?"

"తెలిసే."

"ఏడాదంతా?"

"ఏడాదంతా."

"థూ," అంది. గట్టిగా కూడా అనలేదు.

అప్పుడు కడుగుడు పనివాళ్లు ఒక్కొక్కరే లేచారు, ముప్ఫై మందీ. వాళ్లలో ఒకామె రాయపరెడ్డితో, "అయ్యా, సైదమ్మ అడిగిన రెండు ముక్కలూ రాయండి. రాసి, పన్నెండు మిషన్లూ ఆమె మీటరు పెట్టి చూసి సరే అన్నాక ఎక్కుతాం. అప్పటిదాకా మా వంతు లేదు," అంది. కడగకపోతే రెండు రోజుల్లో అన్నీ ఆగిపోతాయని అందరికీ తెలుసు. రాయపరెడ్డి శాల పుస్తకం తెరిచాడు. సైదాబీ పక్కన నిలబడి ఒక్కో మాటా చూస్తుంటే రాశాడు. కింద నా తప్పులు రెండూ రాయించి నాతో సంతకం పెట్టించారు. నా బిళ్ళ నేనే తీసి ఇచ్చాను. కండువా కూడా ఇచ్చేశాను. రాయపరెడ్డి దాన్ని దులిపి మడతపెట్టుకున్నాడు.

"సైదమ్మా," అన్నాను.

"పనుంది తాతా," అంది.

24వ రోజు

నా కుర్చీ గుమ్మం దగ్గర లేదు. పడమటి గోడ వైపు వేశారు. వేడి వీపుకి బాగా తెలుస్తోంది. నాకు అటూ ఇటూ రెండు చాపల ఖాళీ ఉంది. శాలలో చోటు చాలక మనుషులు కాళ్లు ముడుచుకుని కూర్చున్నారు గాని ఆ ఖాళీలోకి ఎవరూ రాలేదు.

సైదాబీ తెల్లవారే మొదలుపెట్టింది. కింద కూర్చుని చప్పుళ్లు వింటే ఎవరేం చేస్తున్నారో నాకు తెలుస్తుంది. నాలుగోదాని మెయిన్ స్విచ్చి కిందికే ఉందని మళ్లీ లాగి చూసుకున్న చప్పుడు. తాళం వేసిన చప్పుడు. తాళంచెవి తన జేబులోనే వేసుకుంటుంది, ఇంకెవరూ తెలియక స్విచ్చి ఎత్తకుండా. తర్వాత కాసేపు నిశ్శబ్దం, కరెంటు లేదని మీటరుతో చూసుకుంటోందన్నమాట. నేనైతే ఆ నిశ్శబ్దం ఎప్పుడూ పాటించలేదు. ఆ తర్వాత పాత కేబులు పైపులోంచి జరజరా బయటికొచ్చింది. ఐదు వైర్లది లోపలికి వెళ్లింది. లోపల ఒక వైరు బిగింపు పట్టీకి రాసుకుని రాసుకుని తోలు ఊడి రేకుకి తగులుతోందట, మెట్ల మీద ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. ఎర్తు ఉండి ఉంటే తోలు ఊడిన రోజే బ్రేకరు పడిపోయేది. ఎవరో ఒకరు విసుక్కుని బాగు చేయించేవాళ్లు.

ఐదు గంటలు పట్టింది. జనం విసనకర్రలతో విసురుకుంటూ నన్ను తిట్టారు. ఇరవై రోజుల పిల్ల ఏడ్చింది. తిట్లన్నీ విన్నాను, కొన్ని కొత్తవి.

పదకొండు దాటాక పైన ఇన్నమ్మ గొంతు వినపడింది. కట్టుతోనే ఎక్కింది. కడగడానికి కాదట, చూడటానికి.

"సైదమ్మా, కరెంటు ఇచ్చావా దీనికి?"

"ఇచ్చానమ్మా. తిరుగుతోంది, చూడు. ఇదిగో చెయ్యి పెడతా, ఏం కాదు."

"నీ చెయ్యి నాకెందుకే. ఆ మీటరు పెట్టె ఇటియ్యి. ఎట్టా పట్టుకోవాల్నో చెప్పు."

శాలంతా చెవులప్పగించింది. సైదాబీ చెబుతోంది, ఈ పుల్ల రేకుకి, ఆ పుల్ల భూమి కమ్మీకి, సున్నా వస్తే రేకులో కరెంటు లేనట్టు అని. మిషను తిరుగుతూనే ఉంది.

"సున్నా చూపిస్తంది," అంది ఇన్నమ్మ. "రెండోసారి కూడా సున్నానే."

పదకొండేళ్లలో ఏ మనిషికీ ఆ మీటరు చేతికిచ్చి, అంకె చదవమని నేను చెప్పలేదు. చెబితే నేర్చుకోవడానికి ఆమెకి పట్టింది గోంగూర కట్ట గిల్లేంత సేపు.

పైన కడుగుడు పనివాళ్లు వరస కట్టారు. ఒక్కొక్కరే మీటరు అడిగి తీసుకుంటున్నారు. ఒక్కొక్కరూ అంకె పైకి చదివాకే గొట్టం పడుతున్నారు. ముప్ఫై గొంతులూ కింద కూర్చుని విన్నాను.